సొరింగను జాతి దాకా గుర్తించడం: అలివి వల నుంచి మ్యూజియం సీసా దాకా

మైపాడు ఒడ్డున అలివి వల లాగి ఇసుక మీద పరిస్తే, కారలకూ పీతలకూ మధ్య సన్నగా పొడుగ్గా, మూతి కోసుగా, ఇసుక రంగు మెరుపుతో కొన్ని చేపలు కనిపిస్తాయి. తెలుగు తీరంలో వీటిని సొరింగ అంటారు. పులికాట్ అవతలి ఒడ్డున తమిళులు కిళంగాన్ అంటారు. బుట్టలోకి వెళ్లాక అన్నీ ఒకటే ధర, ఒకటే పులుసు. శాస్త్రం దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క బుట్టలోనే రెండు మూడు జాతులు ఉండొచ్చు. వాటిని విడదీసే అసలు ఆధారం పైకి కనిపించదు. అది కడుపులో, వెన్నెముకకు అంటుకుని ఉన్న వాయుకోశంలో, అంటే చేప తేలడానికి తోడ్పడే గాలి సంచిలో ఉంటుంది. అది చూడకుండా సొరింగ ఫోటో కింద శాస్త్రీయ నామం రాయడం ఊహే తప్ప గుర్తింపు కాదు.

నెల్లూరు, ప్రకాశం తీరంలో సొరింగలు సేకరించి జాతి దాకా తేల్చాలనుకునే విద్యార్థులకు, అధ్యాపకులకు, ఓపిక ఉన్న ఔత్సాహికులకు పని వరసగా చెబుతున్నాం. గొరకలు, కారలు, కీచు చేపల వంటి ఇతర ముళ్ల రెక్కల చేపలకూ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు, ఇది ఏ గుంపు చేప

రెక్కల్లో గట్టి ముళ్లున్న చేపలను, మెత్తని కిరణాలు మాత్రమే ఉన్న చేపలను వేరుచేసి చూడాలన్న ఆలోచన స్వీడన్‌కు చెందిన పీటర్ ఆర్టెడీది. ఆయన 1735లో ఆమ్‌స్టర్‌డామ్ కాలువలో పడి చనిపోయారు. మిత్రుడు లిన్నేయస్ ఆ రాతప్రతులను 1738లో అచ్చు వేయించారు. ముళ్ల రెక్కలవాటికి పెట్టిన అకాంథోప్టెరిజియై అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. గ్రీకులో అకాంథ అంటే ముల్లు, ప్టెరిక్స్ అంటే రెక్క.

సొరింగల కుటుంబం సిల్లాజినిడే. పాత పుస్తకాలన్నీ దీన్ని పెర్సిఫార్మిస్ క్రమంలో పెట్టాయి. ఎక్కడా ఇమడని ముళ్ల చేపలన్నిటినీ ఆ క్రమంలోకే తోసేవారు. సకశేరుకాల్లో అదే అతి పెద్ద క్రమంగా పేరుపడటానికి ఆ అలవాటే కారణం. డీఎన్‌ఏ అధ్యయనాలు వచ్చాక అది చీలికలైంది. సిల్లాజినిడేను ఇప్పుడు చాలా జాబితాలు అకాంథురిఫార్మిస్ క్రమంలో చూపిస్తున్నాయి. మీ రికార్డులో క్రమం పేరు రాస్తే ఏ జాబితా ప్రకారమో, ఏ ఏడాది చూశారో పక్కనే రాయండి. కుటుంబం, ప్రజాతి, జాతి మాత్రం తప్పనిసరి. క్రమం గురించి మరీ తల బద్దలు కొట్టుకోవద్దు, అది రేపు మళ్లీ మారొచ్చు.

మన తీరానికి ముఖ్యమైన పేర్లు కొన్ని. సిల్లాగో సిహామా అందరికీ తెలిసినది. ప్రకృతి శాస్త్రవేత్త ఫోర్స్‌కాల్ దీన్ని ఎర్ర సముద్రం ఒడ్డున యెమెన్‌లోని లుహయ్యా దగ్గర చూసి అథెరీనా అనే ప్రజాతిలో పెట్టారు. ఆయన 1763లో యెమెన్‌లోనే చనిపోగా, సహయాత్రికుడు నీబూర్ 1775లో ఆ గ్రంథాన్ని అచ్చు వేయించారు. సిల్లాగో సొరింగ మన తెలుగు మాటే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన దత్, సుజాత 1982లో ఈ జాతిని వర్ణించి, బెస్తలు పిలిచే పేరునే దానికి పెట్టారు. చేపల శాస్త్రవేత్త మెకేతో కలిసి ఈ ఇద్దరే 1985లో సిల్లాగో ఇండికాను వర్ణించారు. మెకే ఒక్కరే 1980లో వర్ణించిన సిల్లాగో విన్సెంటీ ఉంది. వీటికి తోడు సిల్లాజినాప్సిస్ పానిజస్. దీని మొదటి వెన్ను రెక్కలో రెండో ముల్లు దారంలా పొడుగ్గా సాగి ఉంటుంది, కాబట్టి ఒడ్డు మీదే తెలిసిపోతుంది. (తెలుగు మాట శాస్త్రీయ నామంలోకి ఎక్కడం ఇదే మొదలు కాదు. కానాగంతలకున్న రాస్ట్రెల్లిగర్ కనగుర్త అన్న పేరు, 1803లో పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల గ్రంథంలో నమోదు చేసిన స్థానిక నామం నుంచి వచ్చింది.)

సేకరణ: ఎక్కడ, ఎలా

సొరింగ ఇసుక నేల చేప. బెదిరితే ఇసుకలోకి దూరిపోతుంది. అందుకే వల కింది తాడు బరువు చాలకపోతే చేప వల కిందే ఉండిపోతుంది, మీకు మాత్రం ఇక్కడ సొరింగ లేదు అనిపిస్తుంది. అలివి వలలో పడ్డవి, పెన్న ముఖద్వారం దగ్గర చిన్న వలల్లో దొరికినవి, కృష్ణపట్నం, జువ్వలదిన్నె, రామాయపట్నం, కొత్తపట్నం ఒడ్డుకు చేరినవి వేరువేరు సీసాల్లో పెట్టండి. ఉప్పుటేటి లోపల దొరికినదీ బయట సముద్రంలో దొరికినదీ ఒకే జాతి కానక్కర్లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఆ రెండు నెలల్లో సంప్రదాయ పడవల వాళ్లు తెచ్చినదే దొరుకుతుంది కాబట్టి ప్రయాణాలు అలా చూసుకోండి. పులికాట్ పక్షుల అభయారణ్యం పరిధిలో స్వయంగా వల వేయాలంటే అటవీ శాఖ అనుమతి ముందే ఉండాలి.

బజారులో కొన్న చేప జాతిని చూపిస్తుంది గానీ చోటును చూపించదు. ఐసు పెట్టెలో వచ్చింది ఎక్కడ పట్టిందో అమ్మేవాళ్లకే తెలియదు. తీరపు జాబితా రాయడానికి ఆ చేప పనికిరాదు. వల ఒడ్డు చేరే వేళకు అక్కడ నిలబడి, లాగినవాళ్లను అడిగి కొనడం మేలు. ఒక్కో చోటి నుంచి 20 నుంచి 30 చేపలు, పిల్లల నుంచి పెద్దవాటి దాకా కలిపి తీసుకోండి. అన్నీ ఒకే సైజువి తెస్తే, కొలతల్లో తేడా జాతి వల్ల వచ్చిందో వయసు వల్ల వచ్చిందో తర్వాత తేల్చలేరు.

చల్లగా ఉంచడానికి నలగ్గొట్టిన ఐసు చాలు. డీప్ ఫ్రీజర్‌లో గడ్డ కట్టించొద్దు. గడ్డకట్టి కరిగితే వాయుకోశం గోడ చిరుగుతుంది, సన్నని కొమ్మలు తెగుతాయి. చూడాల్సినవి అవే.

ఒడ్డు మీదే ఒక చిన్న పరీక్ష చేయండి. బొంత పిల్లలు దూరం నుంచి సొరింగల్లా ఉంటాయి. వాటి మొదటి వెన్ను రెక్కలో ముళ్లు నాలుగే, సొరింగకు పది పన్నెండు. కింది రెక్కలు రెండూ కలిసి గిన్నెలా అతుక్కుని ఉంటే అది గోబీ గుంపు చేప, సొరింగ కాదు.

చీటీ

అన్నిటికన్నా ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. బాల్ పెన్నుతో రాసిన చీటీ ఆల్కహాల్‌లో ఒక్క రాత్రికే తెల్లబడుతుంది. మెత్తని పెన్సిలుతో, దళసరి నూలు కాగితం మీద రాసి సీసా లోపల వేయాలి. బయట అంటించింది లెక్కలోకి రాదు, అది ఊడిపోతుంది. ప్రతి చేపకూ వేరే నంబరు ఇవ్వండి. మొప్ప మూత కిందుగా నోటిలోంచి దారం తీసి నంబరు ముక్క కట్టండి.

చీటీ మీద ఊరు, మండలం, అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత నాలుగు అంకెల దాకా, తేదీ, వల రకం, వల కన్ను కొలత, లోతు, నీటి ఉప్పదనం, సేకరించినవారి పేరు ఉండాలి. జిల్లా పేరు కూడా రాయండి, దాని మీదే ఆధారపడొద్దు. రామాయపట్నం సంగతే చూడండి. కందుకూరు ప్రాంతం 1970 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది, ఆ ఏడాది ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తర్వాత ప్రకాశం పేరు పొందిన జిల్లాలోకి వెళ్లింది, 2022లో మళ్లీ నెల్లూరుకు వచ్చింది. అదే ఏడాది చీరాల బాపట్ల జిల్లాలోకి, సూళ్లూరుపేట, తడ తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. ఒట్టి ‘ప్రకాశం జిల్లా’ అని ఉన్న పాత సీసా ఏ ఒడ్డుదో ఈరోజు చెప్పలేం. అంకెల్లో రాసిన అక్షాంశం మాత్రం ఏ ప్రభుత్వం వచ్చినా కదలదు.

ఫోటో, కండ ముక్క, ఆ తర్వాతే ఫార్మలిన్

ఈ వరస తారుమారు కాకూడదు. ఫార్మలిన్ డీఎన్‌ఏను ముక్కలు చేసి పాడుచేస్తుంది, కాబట్టి కండ ముక్క ముందే తీసుకోవాలి. రంగులు నిమిషాల్లో వెలిసిపోతాయి, కాబట్టి ఫోటో ఇంకా ముందు.

చేపను శుభ్రమైన నీటితో కడిగి థర్మోకోల్ పలక మీద ఎడమ పక్క పైకి ఉండేలా పరవండి. రెక్కలు విప్పి సన్నని గుండుసూదులతో నిలపండి. పలచన చేయని ఫార్మలిన్‌ను చిన్న కుంచెతో రెక్కల మొదళ్లకు పూసి కొన్ని నిమిషాలు ఆగితే రెక్కలు అలాగే బిగుసుకుంటాయి. పక్కన స్కేలు, నంబరు పెట్టి బూడిదరంగు నేపథ్యం మీద ఫోటో తీయండి. పక్కల వెంట పోయే గోధుమరంగు పట్టీ ఇండికాకు ఒక గుర్తు, అది తాజా చేపలోనే బాగా తెలుస్తుంది. నీళ్లింకి ఆరిన చేపలో పట్టీ లేదని రాసేయకండి.

కుడి పక్క కండ నుంచి బఠాణీ గింజంత ముక్కను శుభ్రమైన బ్లేడుతో తీసి 95 శాతం పైబడిన ఇథనాల్‌లో వేయండి. ముక్క కంటే ద్రవం పది రెట్లు ఉండాలి. రెండో రోజు ద్రవం మార్చాలి, మొదటిది కండలోని నీటితో పలచబడి ఉంటుంది. చేప చేపకూ బ్లేడును ఆల్కహాల్‌తో తుడిచి మంట మీద కాల్చాలి. లేదంటే ఒక చేప డీఎన్‌ఏ ఇంకొకదాని సీసాలోకి చేరుతుంది.

అంగళ్లలో దొరికే ఫార్మలిన్‌లో ఫార్మాల్డిహైడ్ 37 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. దానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపితే పది శాతం ఫార్మలిన్ అవుతుంది. అలాగే వాడితే పులుపెక్కి ఎముకలను, చెవి రాళ్లను కరిగిస్తుంది. లీటరుకు మోనోబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైబేసిక్ సోడియం ఫాస్ఫేట్ 6.5 గ్రాములు కలపండి. సీసా అడుగున తెల్లని మడ్డి పేరుకున్న పాత ఫార్మలిన్ కొనొద్దు, దాని బలం తగ్గిపోయి ఉంటుంది. చేతికి తొడుగులు వేసుకుని గాలి ఆడే చోటే పని చేయండి. అది క్యాన్సర్ కారకం. వాడినది ఉప్పుటేరులోనో మురుగు కాలువలోనో పారబోయొద్దు, డబ్బాలో పోగుచేసి ప్రయోగశాల వ్యర్థాలతో ఇవ్వండి.

చేపను ఇరుకు సీసాలో వంచి కుక్కితే అదే ఆకారంలో రాయిలా బిగుస్తుంది, ఇక కొలతలు తప్పుతాయి. పళ్లెంలో తిన్నగా పరచి ఫార్మలిన్ మునిగేలా పోయండి. 15 సెంటీమీటర్ల చేపకు వారం దాకా పడుతుంది. తర్వాత రెండు మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టి, 35 శాతం, 50 శాతం, చివరికి 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. నేరుగా 70లో వేస్తే ముడుచుకుపోతుంది.

లెక్కలు

మొదటి వెన్ను రెక్కలో ముళ్లు, రెండో వెన్ను రెక్కలో ముల్లు, మెత్తని కిరణాలు, గుద రెక్కలో ముళ్లు, కిరణాలు, పార్శ్వ రేఖ (చేప పక్క వెంట మొప్ప నుంచి తోక దాకా పోయే గీత) పొలుసులు, వెన్నుపూసలు లెక్కపెట్టాలి. పత్రాల్లో ముళ్లను రోమన్ అంకెల్లో, కిరణాలను మామూలు అంకెల్లో రాస్తారు. సిహామాకు ఇచ్చే సంఖ్యలు ఇవి: మొదటి వెన్ను రెక్కలో 11 ముళ్లు, రెండోదాంట్లో ఒక ముల్లు, 20 నుంచి 23 కిరణాలు, గుద రెక్కలో 2 ముళ్లు, 21 నుంచి 23 కిరణాలు, పార్శ్వ రేఖలో 66 నుంచి 72 పొలుసులు, వెన్నుపూసలు 34.

కొత్తవాళ్లు మూడు చోట్ల తప్పుతారు. ఒకటి, రెండో వెన్ను రెక్క మొదట్లోని ముల్లు సన్నగా ముందు కిరణానికి అతుక్కుని ఉంటుంది. వెలుతురుకు అడ్డంగా పట్టి సూదితో విడదీస్తేనే కనిపిస్తుంది. ముల్లుకు గణుపులు ఉండవు, కొన చీలదు. కిరణానికి గణుపులు ఉంటాయి. రెండు, చివరి కిరణం మొదట్లోనే రెండుగా చీలినట్టుంటుంది, మొదలు ఒకటే అయితే దాన్ని ఒకటిగానే లెక్కపెట్టాలి. మూడు, పార్శ్వ రేఖ పొలుసులు. మొప్ప తెరుచుకునే పై మూల నుంచి మొదలుపెట్టి తోకను వంచినప్పుడు మడత పడే చోట ఆపాలి. తోక మీదికి పాకిన పొలుసులను కలపొద్దు. పొలుసు రాలిపోయి ఉంటే దాని గుంటను లెక్కించాలి. మెథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఒక చుక్క రాసి తుడిస్తే అంచులు తేలతాయి.

వెన్నుపూసలకు ఎక్స్‌రే మేలు. అది దొరకకపోతే ఆ గుంపులోదే మరో చేపను వేడినీళ్లలో ముంచి, కండ వలిచి లెక్కపెట్టొచ్చు. ఆ చేపకూ నంబరు ఉండాలి, లేకపోతే ఆ లెక్క దేనిదో తెలియదు.

కొలతలు డిజిటల్ వెర్నియర్‌తో 0.1 మిల్లీమీటరు దాకా తీసుకోండి. ముక్కు కొస నుంచి తోక మడత దాకా ప్రమాణ పొడవు, తల పొడవు, మూతి పొడవు, కంటి వ్యాసం, శరీరం లోతు. అన్నిటినీ ప్రమాణ పొడవులో శాతాలుగా రాయండి. రెక్కల లెక్క చేప జీవితమంతా మారదు గానీ నిష్పత్తులు మారతాయి. పిల్ల చేప కన్ను తలతో పోలిస్తే పెద్దది. దాన్ని పెద్ద చేపతో పోల్చి కొత్త జాతి అనుకున్నవాళ్లు లేకపోలేదు.

వాయుకోశం: తొందర పనికిరాని చోటు

చేపను చీల్చేటప్పుడు అందరూ చేసే మొదటి పని మలద్వారం దగ్గర కత్తెర దూర్చి ముందుకు కోయడం. సొరింగ విషయంలో అదే పెద్ద పొరపాటు. సిహామా వంటి జాతుల్లో వాయుకోశం కింది వైపు నుంచి సన్నని నాళం లాంటి భాగం మలద్వారం దాకా పోతుంది. ఉందో లేదో చూడాల్సిన ఆ భాగం మొదటి కోతలోనే తెగిపోతుంది.

కుడి పక్కనే కోయండి. మొప్ప మూత వెనక నుంచి పొట్ట గోడ మధ్యగా, మలద్వారానికి పైన కాస్త ఎడంగా, మొద్దు కొస ఉన్న సన్నని కత్తెరతో వెళ్లండి. పైకి కొద్దిగా లాగుతూ కోస్తే లోపలి అవయవాలకు తగలదు. పొట్ట గోడను కిటికీ తలుపులా తెరిచి, అన్నవాహికను మొదట తెంచి, పేగును వెనక్కి మడవండి. దాన్ని మలద్వారం దగ్గర లాగొద్దు. వెన్నెముక కింద వెండిలా మెరిసే సంచే వాయుకోశం. నల్లని మైనం అడుగున్న పళ్లెంలో చేపను నీళ్లలో ముంచి ఈ పని చేస్తే సన్నని పొరలు తేలి కనిపిస్తాయి. గాలిలో చేస్తే అన్నీ అతుక్కుని ఒకే ముద్దలా ఉంటాయి.

ఫార్మలిన్‌లో రెండు మూడు రోజులు ఉన్న చేప దీనికి బాగుంటుంది, గోడ కాస్త గట్టిపడి ఆకారం నిలుస్తుంది. మూడు చోట్లు చూడాలి. ముందు భాగం: సిహామాలో రెండు పక్క కొమ్మలు ముందుకు వెళ్లి, వంపు తిరిగి పొట్ట గోడ వెంట వెనక్కి వస్తాయి. వెనక భాగం: రెండు సన్నని కొసలు పొట్ట దాటి తోక కండలోకి, వెన్నుపూసల కిందికి చొచ్చుకుపోతాయి. వాటిని చూడాలంటే గుద రెక్క మొదలు పైన కండను పొరలు పొరలుగా తీయాలి. చాలామంది పొట్ట అయిపోగానే కోశం కూడా అయిపోయిందనుకుని ‘వెనక కొసలు లేవు’ అని రాసేస్తారు. మూడోది కింది నాళం. మరి కొన్ని జాతుల్లో వెనక కొస ఒక్కటే ఉంటుంది. సిల్లాజినాపోడిస్ కొండ్రోపస్‌లో కోశం పూర్తిగా ఎదగదు, దాని కింది రెక్క ముల్లు లావెక్కి దుడ్డుకర్రలా ఉంటుంది.

కింది వైపు నుంచి కనిపించే ఆకారాన్ని చేత్తో గీయండి. ఫోటో ఒక్కటీ చాలదు, మెరిసే గోడ ఫోటోలో పొంతన లేకుండా వస్తుంది. ఆ బొమ్మను మెకే 1992లో ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ)కు రాసిన సొరింగల సూచీలోని బొమ్మలతో పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒక్క చేప చూసి తేల్చొద్దు. కనీసం ఐదు కోసి, ఐదింటిలోనూ అదే కనిపిస్తే రాయండి.

డీఎన్‌ఏ ఏం చెబుతుంది, ఏం చెప్పదు

చేప జాతిని గుర్తించడానికి వాడే డీఎన్‌ఏ బార్‌కోడ్ మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో దాదాపు 650 క్షారాల ముక్క. వార్డ్ బృందం 2005లో ప్రకటించిన ఫిష్‌ఎఫ్1, ఫిష్‌ఆర్1 ప్రైమర్లు (ఆ ముక్కకు నకళ్లు తీయడానికి వాడే చిన్న డీఎన్‌ఏ తునకలు) సొరింగలకూ పనిచేస్తాయి. ఫలితాన్ని జెన్‌బ్యాంక్, బోల్డ్ అనే డీఎన్‌ఏ వరసల ఆన్‌లైన్ నిల్వల్లో పోల్చి చూస్తారు.

99 శాతం కలిసింది కదా అని పేరు ఖాయం చేయకండి. నిల్వలో ఆ పేరు పెట్టినవాళ్లు వాయుకోశం చూసి ఉండకపోవచ్చు. సిహామా పేరుతో ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దాకా చేపలు నమోదయ్యాయి, అన్నీ ఒకటే జాతి కాదని తేలుతూ వస్తోంది. సిల్లాగో సైనికా, సిల్లాగో సుయెజెన్సిస్ వంటి కొత్త పేర్లు ఇటీవలి కాలంలోనే వచ్చాయి. అసలు సిహామా ఎర్ర సముద్రపు చేప. మన ఒడ్డు చేప దానితో కలుస్తుందా అనేది లుహయ్యా వైపు నుంచి వచ్చిన నమూనాతో పోల్చి అడగాలి గానీ, పక్క రాష్ట్రం వాళ్లు నిల్వలో పెట్టిన వరసతో కాదు. మీ వరస నిల్వలో పెట్టేటప్పుడు నమూనా నంబరు తప్పక జోడించండి.

పేరు రాయడం, భద్రపరచడం

సిల్లాగో సిహామా (ఫోర్స్‌కాల్, 1775) అని రాసేటప్పుడు కుండలీకరణాలు అలంకారం కాదు. మొదట వేరే ప్రజాతిలో వర్ణించారన్న గుర్తు అది. సిల్లాగో సొరింగ దత్, సుజాత, 1982 అన్నదానికి అవి ఉండవు, ఎందుకంటే మొదటి నుంచీ అది సిల్లాగోలోనే ఉంది. లెక్కలూ కోశమూ ఏ వర్ణనతోనూ కలవకపోతే ‘సిల్లాగో, జాతి తేలలేదు’ అని రాసి ఆపండి. అది ఓటమి కాదు, తప్పు పేరు కంటే ఎంతో నయం.

నమూనాలను ఇంట్లో ఉంచుకోవద్దు. ముత్తుకూరు మత్స్య కళాశాల వంటి సంస్థలో కొన్ని, భారత జంతుశాస్త్ర సర్వే వంటి, నమూనాలు భద్రపరిచే గుర్తింపు పొందిన నిధిలో కొన్ని ఇచ్చి, రసీదు మీది నంబర్లను మీ నోటులో ఎక్కించండి. కొత్త జాతి అని తేలితే నిధికి తెలియజేసి నమూనా అప్పగించడం 2002 జీవ వైవిధ్య చట్టం 39వ సెక్షను ప్రకారం తప్పనిసరి. పత్రం ఆన్‌లైన్‌లో మాత్రమే వస్తుంటే జంతు నామాల ఆన్‌లైన్ పట్టిక జూబ్యాంక్‌లో ముందే నమోదు చేయాలి, లేకపోతే పేరు చెల్లదు.

సీసాలో ఆల్కహాల్ ఆవిరవుతూనే ఉంటుంది. ఆరు నెలలకోసారి మూత చూసి, తగ్గినంత 70 శాతానిదే పోయండి. ఎప్పుడైనా ఎవరైనా కోశం మళ్లీ పరీక్షించి పేరు మారిస్తే, పాత చీటీ తీసేయకుండా కొత్త పేరు, గుర్తించినవారి పేరు, తేదీతో రెండో చీటీని దాని పక్కనే వేయండి.